నలభై గదులు ఎవరివి

అద్దె గది, రెండో అంతస్తు
జనవరి 9

వదినా,

నేను చేరిపోయాను. నమ్మబుద్ధి కాక ఉద్యోగం కాగితం నాలుగుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నాను. తెర మీది బొమ్మలకి కదలిక ఇచ్చే విభాగంలో, పదకొండు మందిలో ఒకదాన్ని. పెళ్ళయితే ఆడదాని ఇంటిపేరు ఎందుకు మారాలని నీతో ఎన్నిసార్లు వాదించానో గుర్తుందా? ఇవాళ మా ఆయన ఇంటిపేరుకి దణ్ణం పెట్టుకున్నాను. నేనెవరి చెల్లెలినో ఆ కంపెనీలో ఒక్క ప్రాణికి తెలియదు. మా ఆయనకి కూడా మంచి ఉద్యోగమని మాత్రమే చెప్పాను.

నాలుగో రోజున మెట్ల మీద పొడుగాడు ఎదురయ్యాడు. నాకు పదమూడేళ్ళప్పుడు అన్నయ్య కోసం మన గదికొచ్చి, నువ్విచ్చిన టీ తాగి, నా జడ లాగి వెళ్ళే ఆ మనిషే. నడుం కాస్త వంగింది, జుట్టు తెల్లబడింది. కొత్తగా చేరావా అమ్మా అని అడిగాడు. అవునండీ అన్నాను. వాణ్ణి ‘అండీ’ అన్నందుకు నాలుక తోముకోవాలనిపించింది.

ఇప్పుడు పాత వీడియో ఆటల కాలం నడుస్తోంది వదినా. చిన్నప్పుడు ఆడినవాళ్ళు పెద్దవాళ్ళయి ఆ రోజులు మళ్ళీ కావాలంటున్నారు. అందుకని ప్రతి కంపెనీ అటక మీది సామాను దింపి దుమ్ము దులుపుతోంది. కొందరు పాతదాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ అమ్ముతారు. కొందరు పునాది ఉంచి గోడలన్నీ కొత్తగా కడతారు, దాన్ని రీమేక్ అంటారు. వీళ్ళు కడుతున్నది మన ‘నలభై గదులు’. తాళాలవాడు ఒక పెద్ద ఇంట్లో చిక్కుకుని, గదికొక తాళం తీసుకుంటూ బయటపడే ఆట. అన్నయ్య మన గోడ మీద సుద్దముక్కతో గీసిన ఇల్లే. ఆఫీసు గుమ్మంలో నిలువెత్తు పోస్టరు పెట్టారు. దాని కింద ఒక్కటే పేరు, పొడుగాడిది.

ఆట విడుదలైన రోజు ప్రతి తెర మీదా ‘ఇది దొంగసొత్తు’ అని పడేట్టు చేస్తాను. ఎలాగో ఇంకా తెలియదు, కానీ చేస్తాను. నువ్వు అన్నయ్య గళ్ళ పుస్తకం పంపించు. చివరి మూడు గదులూ గీసుకున్నది.

ఫోనులో ఈ సంగతులు వద్దు. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు పెట్టెలో పడేసి తాళం వేస్తారు, కంప్యూటర్లో ఏం రాసినా వాళ్ళు చూస్తారు. కాగితమైతే చదివి పొయ్యిలో వేసెయ్యొచ్చు.

నీ ఉడత

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
జనవరి 20

ఉడతా,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. పాత ఫ్రేముల డబ్బాలో పెట్టాను. పగ గురించి రాసేటప్పుడు కూడా నీ దస్తూరి బడిపిల్లదానిలా గుండ్రంగానే ఉంది, దాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు.

నీకు నలభై మూడేళ్ళు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, ఆటలో దొంగచాటుగా ఏదో దూర్చి జైలుకి పోతావా? పోయినవాడు తిరిగి రాడు. ఉద్యోగం వచ్చింది కదా, బుద్ధిగా చేసుకో.

నీకు సగం కథే తెలుసు, మిగతా సగం చెప్తాను. ఆట మీ అన్నయ్య రెండేళ్ళు కూర్చుని చేశాడు. పొడుగాడు బయట తిరిగి కొనేవాళ్ళని వెతికాడు. అది కూడా పనే, కాదనను. కొనే కంపెనీ దొరికాక ఇంకా మూడు గదులున్నాయి, నెల ఆగమని మీ అన్నయ్య బతిమాలాడు. వాడు ఆగలేదు. ముప్పై ఏడు గదులతోనే అమ్మేశాడు, చేసింది నేనొక్కణ్ణే అని సంతకం పెట్టాడు. మీ అన్నయ్య వెళ్ళి నిలదీసిన వారానికి, ఆటలు చేసే కంపెనీలన్నిటికీ వాడు ఉత్తరాలు రాశాడు. ఫలానా మనిషి మా ప్రోగ్రాము ఎత్తుకుపోబోయిన దొంగ, దగ్గరికి రానివ్వకండి అని.

మీ అన్నయ్య పదకొండు చోట్ల ఉద్యోగానికి వెళ్ళాడు. ఎందుకు ఇవ్వరో తెలియక నా దగ్గర కూర్చుని తన పనిలోనే తప్పులు వెతుక్కునేవాడు. పన్నెండో చోట ఒక పెద్దమనిషి జాలిపడి ఆ ఉత్తరం చూపించాడు. మీ అన్నయ్య ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా అలా గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మర్నాడు లిఫ్టులు బాగుచేసే పనికి కుదిరాడు. ఇరవై ఎనిమిదేళ్ళు లిఫ్టు గోతుల్లో నిలబడ్డాడు.

అయినా ఆయన ఎవరినీ తిట్టలేదు. ఆదివారాలు ఆ గళ్ళ పుస్తకం తీసి మిగిలిన మూడు గదులూ గీసుకునేవాడు, అంతే. ఆయనకి లేని పగ మనకెందుకు? పుస్తకం పంపను.

వదిన

*

అద్దె గది
ఫిబ్రవరి 14

వదినా,

నువ్వు పంపనన్నావు, సరే. ఇది విను.

నిన్న ఒక పత్రిక వాళ్ళు వాడితో మాట్లాడడానికి వచ్చారు. మా విభాగంలోనే కూర్చోబెట్టారు, వెనక మేమంతా పని చేస్తూ ఫొటోలో పడాలట. ఈ ఇల్లు ఎలా తట్టిందని అడిగారు. మా తాతగారి ఇంట్లో గదులు లెక్కపెట్టుకుంటూ పెరిగాను అన్నాడు. వాడు పెరిగింది ఒంటిగది వాటాలో అని నువ్వే చెప్పావు. తర్వాత, మొదట్లో మీతో ఇంకెవరో ఉండేవారట కదా అని ఆ అమ్మాయి అడిగింది. వాడు నవ్వాడు.

“ఉండేవాడమ్మా ఒకడు, చేతి కింద సాయానికి. తాళాల ఆట కదా, చెయ్యి దురద పెట్టి తాళం పగలగొట్టుకు పోయాడు” అన్నాడు.

అందరూ నవ్వారు వదినా. నా పక్క కుర్చీ అమ్మాయి కూడా నవ్వింది. నేను తెర మీద బొమ్మ మోకాలు సరిచేస్తున్నాను, ఆ మోకాలు నాలుగు గంటలదాకా అలాగే వంకరగా ఉండిపోయింది.

ఇంకో సంగతి. వీళ్ళ దగ్గర అసలు ప్రోగ్రాము లేదు. ఆఫీసు మారినప్పుడు పోగొట్టుకున్నారు. అప్పట్లో అమ్మిన ఆట క్యాసెట్టు పెట్టి ఆడి, చూసి, కొత్తది కడుతున్నారు. అందుకే ముప్పై ఏడో గది అవతలి తలుపు దగ్గర ఆగిపోయారు. ఆ తలుపు ఎలా తెరవాలని ముప్పై ఏళ్ళుగా ఆటగాళ్ళు వాదించుకుంటున్నారు, కొందరు దాని మీద పుస్తకాలే రాశారు. తెరవడానికి వెనక గదే లేదని వాడికి తెలుసు. చెప్పడు. సమయం వచ్చినప్పుడు చెప్తానని మీసం దువ్వుతాడు.

ఉడత

*

దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 23

ఉడతా,

“చేతి కింద సాయానికి” అన్నాడా?

ఉత్తరం చదివేటప్పుడు యంత్రం మీద ఒక ముసలాయన అద్దం ఉంది. అంచు అరగదీస్తూ అరగదీస్తూ మధ్యదాకా పోయాను. ముప్పై ఏళ్ళలో అద్దం పాడు చెయ్యడం ఇదే మొదటిసారి.

బతికున్నప్పుడు దొంగ అన్నాడు, భయపడి అన్నాడులే అని మీ అన్నయ్య సర్దుకున్నాడు. చచ్చాక కూడా నవ్వుకోవడానికి వాడుకుంటున్నాడంటే అది భయం కాదు, అలవాటు. ఇన్నాళ్ళూ నేను మంచిదాన్నని అనుకున్నాను. కాదు, నాకు వినపడలేదు, అంతే.

పుస్తకం రిజిస్టరు పార్సెల్లో పంపుతున్నాను. మూడు గదులూ ఉన్నాయి, ఏ తాళం దేంతో తెరవాలో పక్కనే రాసుంది. నీ చేతిలోంచి ఇంకో చేతిలోకి పోకూడదు. ఆ తలుపు ముందు వాణ్ణి నిలబెట్టి, తీయమని పదిమందిలో అడగాలి. వాడికి రాదు. అది నువ్వు చూడాలి, చూసి నాకు రాయాలి.

దొంగచాటు పనులు మాత్రం వద్దు. చేసేదేదో పగటిపూట చేద్దాం.

వదిన

*

అద్దె గది
మే 6

వదినా,

రెండు నెలలు దాటింది రాసి. కోప్పడకు. పని ఎలా ఉందంటే, అన్నం తింటున్నా వేళ్ళు కదలికలు లెక్కపెట్టుకుంటున్నాయి.

ఈ పని ఎలాంటిదో నీకు చెప్పలేదు. పాత ఆటలో తాళాలవాడంటే పద్నాలుగు చుక్కలు. మొహం లేదు, కాళ్ళు రెండు గీతలు. ఇప్పుడు వాణ్ణి మనిషిని చెయ్యాలి. ఎలా నడుస్తాడు, అలిసిపోతే ఎలా కూర్చుంటాడు, తాళం రాకపోతే ఏం చేస్తాడు, అన్నీ నేనే. మా విభాగం పెద్ద ఆ బొమ్మని పూర్తిగా నాకే అప్పజెప్పింది. పదిహేనేళ్ళలో ఇంత ఇష్టంగా ఏ పనీ చెయ్యలేదు.

పొడుగాయన రోజూ మధ్యాహ్నం వచ్చి నా వెనక కూర్చుంటున్నారు. ఆయన చేతులు వణుకుతాయి, ఆట ఆడలేరు. నేను ఆడుతుంటే ఎడమకి, ఎడమకి అంటారు. మొన్న పన్నెండో గదిలో మెట్లు విరిగే చోట, అది చెయ్యడానికి పదహారు రోజులు పట్టింది అన్నారు. ఎవరికి పట్టిందని అడగబోయి ఊరుకున్నాను.

మే నెలలో కూడా వాన వదలడం లేదు. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? యంత్రం దగ్గర నిలబడే బదులు ఎత్తు పీట వేసుకోమన్నాను, వేసుకున్నావా?

ఉడత

*

దుకాణం
మే 15

ఉడతా,

మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

నీ మొదటి ఉత్తరం తీసి ఈ ఉత్తరం పక్కన పెట్టుకున్నాను. జనవరిలో ‘వాడు’. మేలో ‘ఆయన’. కూర్చుంటున్నారు, అంటున్నారు, అన్నారు. ఎప్పుడు మారిందో నీకైనా తెలుసా? నేను అద్దాలు చేసేదాన్ని, చిన్న తేడా కూడా కంటికి గుచ్చుకుంటుంది.

పదహారు రోజులు పట్టింది మీ అన్నయ్యకి. ఆ పదహారు రోజులూ ఆయనకి అన్నం కలిపి పెట్టింది నేను.

పుస్తకం ఎక్కడుంది?

వదిన

*

ఆఫీసు క్యాంటీను
మే 29

వదినా,

పుస్తకం భద్రంగా ఉంది. నువ్వు లేనిపోనివి ఊహించుకోకు. ఆఫీసులో పెద్దవాళ్ళని ‘ఆయన’ అనకపోతే నోరు జారుతుంది, అలవాటు కోసం అంటున్నాను.

విడుదల అక్టోబరుకి ఖాయమైంది. ఆదివారాలు కూడా రమ్మంటున్నారు. తీరిక దొరికాక పెద్ద ఉత్తరం రాస్తాను.

ఉడత

*

దుకాణం
జూన్ 30

అమ్మాయ్,

ఇవాళ బస్సు కోసం నిలబడితే బస్సే వార్త మోసుకొచ్చింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా బొమ్మ. తాళాలవాడు, వెనక మూడు తలుపులు. ‘ముప్పై ఏళ్ళుగా మూసి ఉన్న మూడు గదులు. కర్త జ్ఞాపకాల నుంచి మొదటిసారి మీ ముందుకు.’ కింద వాడి పేరు.

ఆ బస్సు ఎక్కలేదు. వెనక్కి నడిచి దుకాణానికి వచ్చి కూర్చున్నాను.

ముప్పై ఎనిమిదో గది తలుపు అర్ధచంద్రంలా ఉంటుంది. మీ అన్నయ్య వంటింట్లో కంచం బోర్లించి, దాని చుట్టూ పెన్సిలు తిప్పి గీశాడు. బస్సు మీద అదే తలుపు ఉంది. వాడి జ్ఞాపకాల్లో నా కంచం ఎలా వచ్చింది?

భద్రంగా ఉందన్నావు. పదమూడేళ్ళ పిల్లవి, నీకు జడ వేసి బడికి పంపాను. నీ మొదటి ఉద్యోగానికి నేనే కళ్ళద్దాలు చేసిచ్చాను. అబద్ధం చెప్పాలంటే కాస్త పెద్ద ఉత్తరంలో చెప్పాల్సింది, అంత చిన్న ముక్కలో చెప్పావు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. అయినా నా పిల్ల కదా అని తోసేసుకున్నాను.

ఇప్పుడు నేను నీకు చెప్పనిది ఒకటి చెప్తాను. పొడుగాడితో తగువు పడడానికి నెల ముందు మీ అన్నయ్యకి ఎవరో సలహా ఇచ్చారు. ప్రోగ్రాము మొత్తం కాగితాల మీద అచ్చు తీసి, గదుల బొమ్మలన్నీ కలిపి, తన పేరుకే రిజిస్టరు పోస్టులో పంపుకున్నాడు. కవరు వచ్చింది, విప్పలేదు. లక్క ముద్ర, తేదీతో పోస్టాఫీసు ముద్ర అలాగే ఉన్నాయి. వాడు సంతకం పెట్టిన తేదీకి ముందుది. కోర్టుకెక్కితే ఆ ఆట అంటేనే అసహ్యం పుడుతుందని ఆయన దాన్ని బీరువా అడుగున పడేశాడు. నేను బతికుండగా విప్పకు అన్నాడు.

ఆయన బతికి లేడు. రేపు వకీలు దగ్గరికి వెళ్తున్నాను.

నీకు సంబంధం లేనిది ఇక మీదట నీకు రాయను.

*

అద్దె గది
జూలై 5

వదినా,

తిట్టు, పడతాను. కానీ మొత్తం విను.

ఏప్రిల్లో ఆ మూడు గదుల సంగతి తేల్చాలని అందర్నీ కూర్చోబెట్టారు. ఎవరికీ ఏమీ తోచక, చివర్లో తాళాలవాడికి కత్తి ఇచ్చి ఒక రాక్షసుడితో యుద్ధం పెడదామన్నారు. అందరూ తలలూపారు. అన్నయ్య తాళాలవాడి చేతిలో కత్తి! మర్నాడు పుస్తకం తీసుకెళ్ళి పొడుగాయన బల్ల మీద పెట్టాను. పగ కోసం కాదు, పరువు కోసం కాదు, ఆ కత్తి ఆపాలని పెట్టాను.

ఆయన మొదటి పేజీలో ఏడు అంకె చూశారు. అన్నయ్య ఏడుకి నడుం మీద గీత పెడతాడు కదా. లేచి తలుపు వేసి వచ్చి, నా మొహంలోకి చూసి, వాడి చెల్లెలివా అని అడిగారు. అవునన్నాను.

“ఎలా ఉన్నాడు?” అన్నారు.

పోయి రెండేళ్ళయిందని చెప్పాను. ఆయన పుస్తకం చివరిదాకా ఒక్కొక్క పేజీ తిప్పి చూశారు వదినా. తర్వాత, పేరు మొదట వేయిస్తాను, నా పేరుకి ముందు, అని చేతిలో చెయ్యి వేశారు. నేను నమ్మాను. ఆ రోజు నుంచే ‘ఆయన’ అయ్యారేమో, నువ్వు పట్టేశావు.

మేలో ప్రకటనలవాళ్ళు ఆ వాక్యం రాసి తెచ్చారు. కర్త జ్ఞాపకాల నుంచి అని. ఆయన చదివారు. నా వైపు చూశారు. ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. ఇది మాత్రం ఎవరి మీదా నెట్టను. నోరు విప్పితే ఆ బొమ్మని నా దగ్గర్నుంచి లాగేసుకుంటారని భయపడ్డాను.

నువ్వు కోర్టుకి వెళ్తే ఆట ఆగిపోతుంది. రెండు వందల మంది చేసిన పని. ఆయన్ని ఏమైనా చెయ్యి, ఆటని మాత్రం ఆపకు. అది అన్నయ్య ఆట కూడా.

ఉడత

*

దుకాణం
ఆగస్టు 11

అమ్మాయ్,

వకీలు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను, ఉత్తరం అనుకోకు.

నిన్న మీ కంపెనీకి వచ్చాను. నువ్వు వరండాలో నిలబడ్డావు, గాజు తలుపులోంచి కనపడ్డావు. నేనే అటు తిరగలేదు.

బల్లకి అటువైపు నలుగురు, చివర్లో పొడుగాడు. ఇటువైపు నేనూ వకీలూ. అందరి ముందూ లక్క పగలగొట్టారు. నూట డెబ్బై రెండు కాగితాలు. మొదటి కాగితం మీద మీ అన్నయ్య సంతకం, తేదీ. వాడు ఒక్క కాగితం కూడా చేతిలోకి తీసుకోలేదు. తీసుకోమన్నాను. ఒకటి తీసుకున్నాడు, అది పన్నెండో గది. ఎన్ని రోజులు పట్టిందండీ అని అడిగాను. కాగితం బల్ల మీద బోర్లించి పెట్టాడు.

చెక్కు పుస్తకం బయటికి తీశారు, లోపల పెట్టుకోమన్నాను. ఆట ఆపొద్దన్నావు, ఆపలేదు. అది నీ కోసం కాదు. నా షరతులు వేరు. ఆటలో మొదటి పేరు మీ అన్నయ్యది, ఇక ఎన్నిసార్లు విడుదల చేసినా అంతే. విడుదల సభలో వాడు వేదిక మీద నిలబడి నేను రాసిచ్చిన మూడు ముక్కలు చదవాలి. ‘ఈ ఆట చేసింది అతను. అతన్ని దొంగ అని రాసింది నేను. అది అబద్ధం.’ వాడి వకీలు పదాలు మార్చబోయాడు. ‘పొరపాటు’ అని పెడదామన్నాడు. పొరపాటు అంటే పప్పులో ఉప్పు ఎక్కువవడం అన్నాను. అబద్ధమనే ఉంచారు.

మూడో షరతు ఒకటుంది. అది నువ్వే చూస్తావు.

*

అద్దె గది
అక్టోబరు 19

వదినా,

నువ్వు ముందు వరసలో కూర్చున్నావు, నేను పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు చూసినదాన్నే మళ్ళీ రాస్తున్నాను. నాకు రాసుకోవాలని ఉంది.

ఏడు వందల మంది. పొడుగాయన్ని ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. మైకు ముందు కాగితం విప్పితే ఆ చప్పుడు హాలంతా వినపడింది. మూడు ముక్కలూ చదివాడు. తర్వాత నీ వైపు చూసి, మైకులోనే, ‘చాలా?’ అని అడిగాడు.

“గట్టిగా. వెనక వాళ్ళకి వినపడలేదు” అన్నావు.

నీ గొంతు అంత మామూలుగా ఉంటుందనుకోలేదు. కళ్ళద్దాలకి వచ్చినవాళ్ళతో కింది వరస చదవండి అన్నట్టే ఉంది. మళ్ళీ చదివాడు. ఈసారి ‘అబద్ధం’ అన్నది చివరి వరసదాకా వినపడింది. వెనక నుంచి ఎవరో, అతని పేరేమిటి అని అరిచారు. పొడుగాయన అన్నయ్య పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టలేదు, ఊరికే నిలబడ్డారు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

తర్వాత తెర మీద ఆట చివరి పేర్లు నడిచాయి. మొదట అన్నయ్య. కిందికి వస్తూ వస్తూ మా విభాగం వచ్చింది. పదిమందే ఉన్నారు. వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాను. పేర్లు చూసుకునే ఆయన్ని అడిగితే కాగితం తీసి చూపించాడు. మూడో షరతు, నా పేరు వెయ్యకూడదని. కింద నీ సంతకం.

నీకు నామీద కోపం ఉండడం న్యాయమే. పుస్తకం ఇచ్చాను, అబద్ధం చెప్పాను. కానీ ఆ తాళాలవాడి ఒంట్లో ప్రతి కదలికా నాది. పోస్టర్లు పట్టుకుని జనం నవ్వుతూ బయటికి వెళ్తుంటే, ఒక్కొక్కళ్ళనీ ఆపి అది నేను చేశాను అని చెప్పాలనిపించింది. చెప్తే ఎవరు నమ్ముతారు? పేరు లేదు కదా.

అన్నయ్య పదకొండు గుమ్మాలు ఎక్కి దిగినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది. ఉద్యోగం మానేశాను. ఎల్లుండి మా ఊరు వెళ్ళిపోతున్నాను.

*

దుకాణం, వెనక గది
డిసెంబరు 3

ఉడతా,

ఈ ఉత్తరం చించెయ్యాలనిపిస్తే చదివాక చించు.

ముందు పొడుగాడి సంగతి. సభ అయ్యాక వాడు మంచం పట్టాడని, ఎవరితో మాట్లాడడం లేదని తెలిసింది. పశ్చాత్తాపం వస్తుందేమోనని చూసుకున్నాను. పడుకునేటప్పుడు, పని చేసేటప్పుడు, లోపలికి చెయ్యి పెట్టి వెతికినట్టు వెతికాను. రాలేదు. హాయిగా ఉంది. రెండోసారి చదివించినందుకు ఇంకా హాయిగా ఉంది. మీ అన్నయ్య వింటే తల పట్టుకునేవాడు, ఫరవాలేదు. మంచితనం ఆయన వాటా, ఇది నా వాటా.

నీ ఉత్తరం చదివి కూడా నాకు ఏమీ అనిపించలేదు. బాగా అయింది అనుకున్నాను. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

పోయిన ఆదివారం పక్క కొట్టు టైలరమ్మ పిలిచింది. వాళ్ళింట్లో ఆటపెట్టె ఉంది, ఆ ఆట కొన్నారట, మొదటి పేరు మీవారిదే కదా వచ్చి చూడండి అంది. పేరు చూసి లేచి వచ్చేద్దామని వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాం. ఆవిడ ఆడుతోంది, నేను చూస్తున్నాను.

తాళాలవాడు మెట్లెక్కి మొదటి తలుపు ముందు ఆగాడు. తాళం మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, అరచేతులు రెండూ చొక్కా వెనక్కి పెట్టి తుడుచుకున్నాడు.

ముందు వైపు కాదు. వెనక వైపు.

లిఫ్టు గ్రీజు అంటిన చేతులు ముందు తుడిస్తే నేను తిడతానని ఆయన అలా వెనక తుడిచేవాడు. వెనకైతే నాకు కనపడదని. ఎన్ని చొక్కాలు నాశనం చేశాడో నీకూ నాకూ తప్ప ఈ లోకంలో ఎవరికి తెలుసు? పొడుగాడికి తెలియదు. మీ అన్నయ్యకే తెలియదేమో.

టైలరమ్మ తర్వాతి గదికి పోబోతే, వద్దు, మళ్ళీ తాళం ముట్టుకోనివ్వమన్నాను. మళ్ళీ తుడుచుకున్నాడు. సాయంత్రందాకా అదే. ఆవిడకి నాకేమైందో అర్థం కాలేదు, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాళం రాకపోతే అతను కుడి భుజం ఎగరేసి తనలో తను నవ్వుకుంటాడు. మెట్ల మీద కూర్చుంటే ఒక కాలి చెప్పు విప్పి పక్కన పెడతాడు. అన్నీ చూశాను. నేను పొడుగాణ్ణి దించడానికి ఏడాది ఖర్చు పెట్టాను. నువ్వు ఆ ఏడాదీ కూర్చుని ఆయన్ని నిలబెట్టావు. నాకు చెప్పనేలేదు.

మర్నాడు మీ కంపెనీకి వెళ్ళి మూడో షరతు కొట్టేస్తున్నానని రాసి సంతకం పెట్టి వచ్చాను. ఇంటింటికీ వెళ్ళిపోయిన ఆటల్లో వెంటనే మారదట. ఫిబ్రవరిలో పంపే సవరణలో నీ పేరు వస్తుందన్నారు. మీ విభాగం పెద్ద, ఎక్కడ వెయ్యాలమ్మా, మిగతావాళ్ళతోనా అని అడిగింది. తాళాలవాడి పక్కన విడిగా వెయ్యమన్నాను. అప్పటిదాకా ఈ మూడు నెలలు నీకు తిరిగి ఇవ్వలేను.

పుస్తకం నాకు చెప్పకుండా ఇచ్చినందుకు కోపం ఇంకా పోలేదు. ఎప్పటికి పోతుందో తెలియదు. అది వేరు, ఇది వేరు.

నీ పేరు తీయించింది నేను. అది తప్పు. ఈ మాట నాచేత ఎవరూ చెప్పించలేదు.

వదిన